సైకిలు దిగిన చోటు

చర్చి వాళ్లు నాకొక పాత సైకిలు ఇచ్చారు. పత్తికొండ చుట్టుపక్కల మూడు పల్లెల్లో మా వాళ్ల పిల్లలకు అక్షరాలు దిద్దించడం నా పని. పెద్ద రైతుల ఇళ్ల ముందు, వాళ్లు ఎదురుపడిన చోట మాత్రం మా కులం వాడు సైకిలెక్కి పోకూడదు. దిగి, చెప్పులు చంకన పెట్టుకొని, తోసుకుంటూ నడవాలి.

సైకిలు వచ్చిన రోజే మా నాయన చెప్పాడు. "ఊరు కనపడితే దిగప్పా. సైకిలు పోతే ఇంకోటి వస్తాది. నిన్ను యాడ తెచ్చుకునేది?"

అందుకే ఊరికీ ఊరికీ మధ్య దారంటే నాకు ప్రాణం. ఎర్రమట్టి దిన్నెలు, జొన్నచేలు. మైళ్ల దూరం బండి లేదు, మనిషి లేడు. దిన్నె మీంచి తొక్కకుండానే జారిపోతుంటే చొక్కా నిండా గాలి.

ఒక పొద్దున అలా జారుతుండగా చేని గట్టున తెల్లటి తలపాగా కనపడింది. గబుక్కున దిగాను. చెప్పులు చంకన పెట్టుకొని, తల వంచుకొని నడిచాను. దగ్గరికి వెళ్లి చూస్తే అది పిట్టలను బెదరగొట్టే గడ్డిబొమ్మ. తలకాయ బదులు మసికుండ, దానికి ఎవరిదో పాత పాగా.

ఒళ్లు మండిపోయింది. రాయి తీసుకున్నాను. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. అయినా చెయ్యి లేవలేదు.

రాయి అక్కడే వదిలేసి, ఆ బొమ్మ కనుమరుగయ్యేదాకా సైకిలు తోసుకుంటూనే నడిచాను.