మత్తు సిస్టర్

సింగపూర్ బుకిట్ పంజాంగ్‌లో మా ఫ్లాట్ల బ్లాకు కింద తెలుగువాళ్ళం కలిసినప్పుడల్లా ఎవరో ఒక ఆంటీ అడుగుతుంది, "ఆపరేషన్ థియేటర్లో మత్తు నువ్వే ఇస్తావా?" అని. "నేనివ్వను ఆంటీ, ఇచ్చే డాక్టరు పక్కన నిలబడి అన్నీ అందిస్తాను" అంటాను. "ఓ, అంతేనా" అంటుంది. ఆ 'అంతేనా' వినీ వినీ నాకు ఒళ్ళు మండిపోతుంది.

ఎందుకంటే నేను తొమ్మిదేళ్ళు మత్తు ఇచ్చాను. కోస్తాలో ఒక చిన్న పట్నం, ఇరవై పడకల నర్సింగ్ హోమ్. మత్తు డాక్టరు ఒక్కడే, ఆయన్ని నమ్ముకున్న ఆసుపత్రులు పది. ఆయన ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. అందుకని మా సర్జన్ సారు నాకే నేర్పారు. వెన్నులో ఎక్కడ సూది దిగాలో బొటనవేలితో తడిమి చెప్పగలిగేదాన్ని. ఊళ్ళో నన్ను మత్తు సిస్టర్ అనేవాళ్ళు. ఆదివారం మత్తు డాక్టరు వచ్చి, టీ తాగుతూ వారం రోజుల కేస్ షీట్ల మీద సంతకాలు పెట్టి వెళ్ళేవాడు. చేసింది నేను, చేసినట్టు రాసుకున్నది ఆయన. ఆ సంతకాలు చూసినప్పుడల్లా పళ్ళు కొరుక్కునేదాన్ని.

నర్సు మత్తు ఇవ్వడం అక్కడ నేరం. కాబట్టి సింగపూర్ వచ్చేటప్పుడు సారు ఇచ్చిన అనుభవం కాగితంలో 'వార్డు నర్సు' అని మాత్రమే ఉంది. థాంక్యూ సార్ అని చెప్పి మరీ తీసుకున్నాను. ఇక్కడ మళ్ళీ మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టాను. మెషీన్ సరిచూడడం, సిరంజిలకు మందు పేర్లు అంటించడం, డాక్టరు చెయ్యి చాపితే అందులో గొట్టం పెట్టడం. ఇక్కడి పద్ధతి తప్పని అనను. ఎవరి పని ఎంతవరకో గీత గీసి ఉంటుంది. కానీ చేతికి వచ్చిన పని చెయ్యకుండా నిలబడడం ఎంత కష్టమో గీత గీసినవాళ్ళకు తెలియదు.

పోయిన ఏడాది తువాస్ షిప్‌యార్డు నుంచి ఒక శ్రీకాకుళం మనిషిని తెచ్చారు. ఇనుప పలక పడి చెయ్యి నలిగింది. నేను తెలుగులో పలకరించేసరికి రెండో చేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు.

"లెగుస్తానంటావా అక్కా?"

"లేవకేం, నేనిక్కడే ఉంటాగా" అన్నాను.

మాట్లాడుతుంటే చూశాను. మెడ పొట్టి. నోరు రెండు వేళ్ళకు మించి తెరుచుకోవడం లేదు. అలాంటివాళ్ళకు గొంతులోకి గొట్టం వెయ్యడం కష్టం. కుర్ర డాక్టరుతో, గొంతు లోపల చూపించే కెమెరా పరికరం దగ్గర పెట్టుకుందామా అన్నాను. "కెన్ లా, సిస్టర్, నో నీడ్" అన్నాడు, తన వల్ల అవుతుందిలే అన్నట్టు. మనిషిని నిద్రపుచ్చాక మొదటిసారి వేశాడు, పోలేదు. రెండోసారీ పోలేదు. ఆక్సిజన్ పడిపోతుంటే మెషీన్ మోత బొంగురుపోతూ వచ్చింది. డాక్టరు మొహం పాలిపోయింది. నేనిక ఎవరినీ అడగలేదు. తల కింద తువ్వాళ్ళు మడిచి పెట్టి ఎత్తు సరిచేశాను, గొట్టానికి దారి చూపే సన్నటి కడ్డీ అతని చేతిలో పెట్టాను, గొంతు మీద బయటినుంచి నొక్కి, "నౌ లుక్" అన్నాను. దిగింది.

అప్పటికే పరుగెత్తుకొచ్చిన పెద్ద డాక్టరమ్మ వెనక నిలబడి అంతా చూసింది. తర్వాత నన్ను పక్కకు పిలిచి, మత్తు నర్సుల్లో సీనియర్ పోస్టుకి నీ పేరే చెప్తాను అంది. పాత ఆసుపత్రిలో మత్తు పని చేసినట్టు కాగితం ఉంటే చాలట. ఆరోజు ట్రైన్‌లో ఇంటికి వస్తుంటే నవ్వు ఆపుకోలేకపోయాను.

మర్నాడు సెలవు. మా బ్లాకు దగ్గరి తిండి కొట్ల హాకర్ సెంటర్లో టీ ముందు పెట్టుకుని సారుకి ఫోన్ చేశాను.

"అట్లా ఎలా రాస్తానమ్మా? మనిద్దరికీ ముప్పే" అన్నారు.

"చేయించుకున్నప్పుడు లేదా సార్ ముప్పు?"

నా గొంతు లేచింది. పక్క టేబుల్ వాళ్ళు చూశారు. చూడనీ అనుకున్నాను. "తొమ్మిదేళ్ళు అన్ని కేసులూ నేనే చేశాను. ఆ మాట ఒక్కటి రాయండి."

 సారు మెల్లగా అడిగారు. "అన్నీ నువ్వే చేశావని రాయమంటావా? ఆ రెండో కాన్పు అమ్మాయిది కూడానా?"



ఆ అమ్మాయికి ఇరవై రెండేళ్ళుంటాయి. సిజేరియన్‌కి వెన్నులో సూది వేసింది నేనే. కాసేపటికి, "ఊపిరాడట్లేదక్కా" అంది. "భయానికి అలా ఉంటుందిలే, మాట్లాడకు" అన్నాను. మళ్ళీ అంది. మళ్ళీ అదే చెప్పాను. మందు పైకి ఎక్కి ఛాతీని పట్టేస్తోందని నాకు తట్టేసరికి ఆమె మాట్లాడడం మానేసింది. బిడ్డ దక్కింది, ఆమె దక్కలేదు. గుండె ఆగిందని రాశారు. ఆదివారం మత్తు డాక్టరు వచ్చి, ఆ కాగితం మీద కూడా సంతకం పెట్టాడు. ఏ సంతకాన్ని తిట్టుకుంటూ బతికానో, దాని చాటునే దాక్కుని బయటపడ్డాను. ఆమె మొగుడు నాకు దణ్ణం పెట్టి, "మీరు చేయాల్సింది చేశారు సిస్టర్" అన్నాడు. కాదని చెప్పలేదు. ఇన్నేళ్ళూ తొమ్మిదేళ్ళ లెక్క ఎవరడిగినా మనసులో గర్వంగా చెప్పుకున్నాను గానీ, ఆమెను అందులో ఎప్పుడూ కలపలేదు.

"వద్దులెండి సార్" అని ఫోన్ పెట్టేశాను.

కాగితం లేదని డాక్టరమ్మకు చెప్పాను. "వేస్టెడ్ లా" అని నిజంగానే బాధపడింది. పోస్టు నాకన్నా నాలుగేళ్ళు చిన్నదైన మలాయ్ అమ్మాయికి వచ్చింది. మంచి పిల్ల. తెలియనిది నన్నే అడుగుతుంది. మొదట్లో కడుపు మండేది, ఇప్పుడు చెప్తున్నాను.

మొన్న సిజేరియన్ కేసు ముందు ఆ పిల్లకు చెప్పాను, వెన్నులో సూది వేశాక మనిషి ఊపిరాడట్లేదు అంటే భయమని కొట్టిపారెయ్యకు, వెంటనే డాక్టరుకి చెప్పు, నీ వేళ్ళు గట్టిగా పట్టుకోమని చూడు, పట్టు సడలితే మందు పైకి ఎక్కుతున్నట్టే అని. ఆ పిల్ల బుద్ధిగా రాసుకుని తలెత్తింది.

"సిస్టర్, యూ సీ బిఫోర్ ఆ? సమ్‌వన్ లైక్ దట్?"

"లేదు" అన్నాను.