పిడులు అమ్మవి

మా వదినని చూసి చాలామంది పెద్ద కళాకారిణి అనుకుంటారు. ఆడపడుచుని కాబట్టి నేను ఉన్నమాట చెప్తాను: ఆవిడ రోజులో ముప్పావు వంతు కూలిపనే చేస్తుంది. ట్రాక్టరువాడు తెచ్చి పోసిన మట్టిని నానబెట్టాలి, జల్లించాలి, రాళ్లు ఏరాలి, కాళ్లతో తొక్కాలి, చేతులతో పిసకాలి. చక్రం ముందు కూర్చుని కప్పు పైకి లాగడం, రోడ్డు మీద వెళ్లేవాళ్లు కారాపి ఫోటోలు తీసుకునేది, మిగిలిన ఆ కాస్తే. తీరా చేశాక కొన్ని ఎండేటప్పుడు పగులుతాయి, కొన్ని కాలేటప్పుడు పగులుతాయి. వదిన "పోన్లే" అంటుంది. ఆ "పోన్లే" వింటే నాకు ఒళ్లు మండుకొస్తుంది.

పని జరిగేది పొలాల మధ్య ఒక పాత గోదాములో. పైన రేకులు. ఒక మూల చక్రం, కిటికీ కింద పొడవాటి బల్ల, వెనక గ్యాసుతో నడిచే బట్టీ, ముందు గదిలో అమ్మకానికి అరలు. గిన్నెలు, ప్లేట్లు, పూలకూజాలు అన్నీ ఉంటాయి గానీ అమ్ముడుపోయేవి మాత్రం కప్పులే. వచ్చినవాళ్లు కప్పు తీసుకుని, రంగు చూసి, పిడిలో వేలు దూర్చి, ఇక కింద పెట్టరు. ఆ పిడులు వదిన చేసినవి కావు. మా అమ్మ చేసినవి.

అమ్మకి మొదట్లో ఈ పనంటే చిన్నచూపు. "అంత చదువూ చదివి మట్టి పిసుక్కుంటోంది నా కోడలు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది. నాన్న పోయాక ఆ మాత్రం మాటలు కూడా ఆగిపోయాయి. గోడవైపు తిరిగి పడుకునేది. పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. అన్నయ్య ఉద్యోగానికి వెళ్లిపోతే ఇంట్లో ఒక్కదాన్నీ వదలడానికి భయపడి వదిన ఆవిణ్ణి గోదాముకి తీసుకెళ్లి ఒక కుర్చీలో కూర్చోబెట్టింది. కొన్నాళ్లు కుర్చీలోనూ గోడనే చూసింది. ఒకరోజు ఉన్నట్టుండి, "ఆ పిడేమిటే, అతికించినట్టు లేదు, తగిలించినట్టుంది" అంది.

"అయితే మీరే పెట్టండి అత్తయ్యా" అంది వదిన.

అంతే. కొంగు బిగించి బల్ల దగ్గర కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదు. ఎన్ని పాడుచేసిందో దేవుడికే తెలియాలి. కానీ చెయ్యి తిరిగాక అమ్మ పిడి పైన లావుగా మొదలై, కిందికి వచ్చేసరికి సన్నబడి, కప్పులోంచి మొలిచినట్టు ఉండేది. దాంతోపాటు నోరూ తిరిగొచ్చింది. కొనేవాళ్ల ఎదుటే, "ఈ కప్పు ఇంత మందం లాగావేమిటమ్మాయ్, ఇది తాగడానికా, దొంగ నెత్తిన వెయ్యడానికా?" అనేది. వదిన నవ్వి ఊరుకునేది. నేనైతే ఊరుకునేదాన్ని కాదు. అయినా అమ్మ తిట్టిందంటే బతికిందని అర్థం, కాబట్టి నాకూ సంతోషంగానే ఉండేది.

పిడి అతికించడంలో కిటుకంతా తడిలో ఉంది. కప్పు పచ్చిగా ఉంటే వంకరపోతుంది. మరీ ఆరిపోతే పిడి అప్పటికి అంటుకున్నట్టే ఉంటుంది, బట్టీలోకి వెళ్లాక ఊడుతుంది. కంటికి తెలియదు. వేలు ఆనిస్తే తెలుస్తుంది. అమ్మ వేలి వెనకవైపు కప్పుకి ఆనించి, "ఊ, నువ్వు రా" అని పిలిచినట్టు తీసుకునేది.

షుగరు ఆ వేళ్ల మీదికే వచ్చింది. వేడి గ్లాసు పట్టుకున్నా అమ్మకి కాలడం తెలియట్లేదని డాక్టరు చెప్పేదాకా మాకెవరికీ తెలియదు. అప్పటికే బట్టీలోంచి బోడి కప్పులు రావడం మొదలైంది. ఒక కప్పయితే బాగానే కాలి, అమ్ముడుపోయి, కొన్నావిడ ఒళ్లో వేడి టీతో సహా ఊడిపడింది. ఆవిడ వచ్చి నానా మాటలూ అంది. వదిన తప్పంతా మట్టిదేనని క్షమాపణ చెప్పుకుంది. అమ్మ నమ్మినట్టే ట్రాక్టరువాణ్ణి వాడి ఏడుతరాల దాకా తిట్టింది.

తర్వాత ఊడడం ఆగిపోయింది. ఎలా ఆగిందో ఒక మధ్యాహ్నం వెళ్లి నా కళ్లతో చూశాను. అమ్మ ముందు గదిలో నిద్రపోతోంది. వెనక వదిన, అమ్మ పొద్దున పెట్టిన పిడుల్ని బ్లేడుతో ఒక్కొక్కటే కోసేస్తోంది. కప్పులకి తడిగుడ్డ చుట్టి, మెత్తబడ్డాక అచ్చం అమ్మ చేసినట్టే పిడులు చేసి పెడుతోంది. ఏది నిలుస్తుందో ఏది ఊడుతుందో తెలియదు కాబట్టి అన్నీ కోసేస్తోంది.

"రోజూ ఇదేనా?" అన్నాను.

"నెమ్మదిగా మాట్లాడు."

"చెప్పెయ్యొచ్చుగా వదినా! ఆవిడేం చిన్నపిల్లా?"

"చెప్తే మళ్లీ గోడవైపు తిరుగుతారు. ఈసారి నా వల్ల కాదు."

నాకు కోపం వచ్చింది. అమ్మని అంత మోసం చెయ్యడం నచ్చలేదు. అంతకన్నా, చెప్పే ధైర్యం నాకూ లేనందుకు ఎక్కువ కోపం వచ్చింది. నోరు మూసుకుని తడిగుడ్డలు పిండిచ్చాను.

తర్వాతిసారి బట్టీ తెరిచిన రోజు నేనూ ఉన్నాను. ఒక్క కప్పూ ఊడలేదు. వదిన తీసి ఇస్తుంటే అమ్మ బల్ల మీద వరసగా పేర్చుకుంటూ పోయింది. అన్నీ అయిపోయాక అడుగున గీత గీసి ఉన్న ఒక కప్పు వెతికి తీసి మా ఇద్దరి ముందూ పెట్టింది.

"ఈ గీత నేను గీసిందే. దీనికి పిడి తలకిందులుగా పెట్టాను, లావు కిందికి, సన్నం పైకి. కావాలనే పెట్టాను. బట్టీలో వేడెక్కి అదే తిరిగి కూర్చుందా?"

వదిన ముఖం పాలిపోయింది. నేను ఏదో సర్దిచెప్పబోయాను.

"నువ్వాగవే" అంది అమ్మ నన్ను. వదినవైపు తిరిగి, "వేళ్లు నావి. చచ్చుబడ్డాయని నాకు తెలియదనుకున్నావా? ఊడనిస్తే ఊడేవి, నేనే చూసుకుని మానేద్దును కదా. నేను పెట్టింది కొయ్యడానికి నీకు చెయ్యెలా వచ్చింది?" అంది. గొంతులో కోపం లేదు. కోపమే ఉంటే బాగుండేది.

"రాలేదు అత్తయ్యా" అంది వదిన. "కోసేటప్పుడు అటు చూడలేను. తల పక్కకి తిప్పుకుని కోస్తాను. చూసుంటే తలకిందులది కనబడి ఉండేది."

అమ్మ ఆ కప్పుని చేతిలో అటూ ఇటూ తిప్పింది. పిడిలోకి వేలు పోనిచ్చింది, తీసింది. వదిన ఏడుస్తోంది, నాకూ ఏడుపొస్తోంది, అమ్మ ఒక్కతే కప్పుని పరీక్ష చేస్తోంది.

"బాగానే పెట్టావు" అంది చివరికి. "రేపట్నుంచి నేను పెడతాను, నువ్వు వేలు పెట్టి చూడు. పనికిరానివి నా ఎదురుగానే కొయ్యి. ఏవి పనికిరావో నాకూ తెలియాలిగా."

మర్నాడు నేను ఊళ్లో ఉన్న నా షాపు తెరవకుండా అక్కడే ఉండిపోయాను. అమ్మ పొద్దున్నే బల్ల దగ్గర కూర్చుని ఒకటి తర్వాత ఒకటి పెడుతూ పోయింది. వదిన వేలు ఆనించి చూస్తూ పోయింది. ఉంచినవాటి కన్నా కోసినవే ఎక్కువ. బ్లేడు దిగిన ప్రతిసారీ అమ్మ కళ్లార్పకుండా చూసింది, తెగిన ముక్క తీసుకుని, తడి చేసి, మళ్లీ పిడిగా లాగడం మొదలుపెట్టింది. వదిన కూడా తల తిప్పుకోలేదు. చూడలేక బయటికి వచ్చేసింది నేనే.