కణాల ఖుద్‌కుషీ

మా అన్న రక్తంలో రోగాలతో పోరాడే తెల్ల కణాలు తగ్గిపోతున్నాయని తెలిసినప్పుడు, జహనుమా బస్తీలో మా బర్రెల కొట్టం చుట్టుపక్కల వాళ్లంతా ఒకే మందు చెప్పారు: పాలు. తెల్లవి తగ్గితే తెల్లవే తాగాలి కదా. పుట్టిన దగ్గర్నుంచీ పాలు పిండుతున్న మనిషికి ఆ సలహా ఇవ్వడం ఎవరికీ వింతగా తోచలేదు.

ఆస్పత్రిలో ముసలి డాక్టరు పరీక్షలన్నీ చూసి, కారణం దొరకలేదని ఒప్పుకున్నాడు. పని అయిపోయాక తనంతట తానే చచ్చిపోయే ఏర్పాటు ప్రతి కణంలోనూ ఉంటుందనీ, అన్న విషయంలో అది వేళకు ముందే జరుగుతూ ఉండవచ్చనీ వివరించాడు. అన్నకు అర్థం కాలేదనుకుని ఉర్దూలోకి దిగాడు.

“ఖుద్‌కుషీ, భాయ్. ఆప్‌కే సెల్స్ ఖుద్‌కుషీ కర్‌రే.”

ఆత్మహత్య అనేసరికి అన్నకు పౌరుషం వచ్చింది. “మా ఇంట్ల గసొంటోళ్లు ఎవ్వరు లేరు సార్. ఏం తక్కువ చేసిన వాటికి? మూడు పూటల తింటున్న.”

ఆటోలో నేను సర్దిచెప్పబోయాను. తల్లి కడుపులో బిడ్డ చెయ్యి మొదట తెడ్డులా ఉంటుందనీ, మధ్యలో కణాలు చచ్చిపోతేనే వేళ్లు విడివడతాయనీ చదివింది చెప్పాను. అన్న తన వేళ్లు ఆడించి చూసుకున్నాడు.

“అంటే గవి సచ్చినందుకే నేను పాలు పిండుతున్ననా?”

“అవునన్నా.”

“మరి గట్ల చెప్పాలె గదా! ఖుద్‌కుషీ అంటడేంది, గంత పెద్దమనిషి.”

అసలు లొల్లి వేరే ఉంది. పేడ, దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదమని డాక్టరు కొట్టంలోకి పోవద్దన్నాడు. అన్న నెల రోజులు గడప అవతల కుర్చీ వేసుకుని, పిండుతున్న నన్ను తిట్టాడు. “అరే తమ్మీ, గది పొదుగురా, పుస్తకం గాదు. పేజీలు తిప్పినట్టు తిప్పుతున్నవేంది?” నా చేతికి పాలు సగమే వచ్చేవి. పోయిన సగం కన్నా కుర్చీలో ఖాళీగా కూర్చోవడమే ఆయన్ను ఎక్కువ తినేసింది.

చివరికి మాస్కు తీయనని అమ్మ మీద ఒట్టేసి లోపలికొచ్చాడు. పెద్ద బర్రె ఆయన్ను చూసి బెదిరి పక్కకు జరిగింది. ఎంత నిమిరినా చేపలేదు; పాలు పొదుగులోకి దించలేదు.

“దొంగోడనుకుంటున్నదిరా నన్ను,” అని అన్న మాస్కు గడ్డం కిందికి లాగాడు. “ఏమే, నేనేనే!”

బర్రె ఆయన మెడ నాకింది.

ఆ చలికాలంలోనే న్యుమోనియా వచ్చి అన్న పోయాడు. కొట్టంలోనే తగిలిందా అని డాక్టరును అడిగాను. చెప్పలేమన్నాడు. ఆయన్ను తప్పుపట్టను. ఆ రోజు మాస్కు పైకి లాక్కోమని చెప్పడానికే నేను అక్కడ నిలబడ్డాను. బర్రె చేపింది, అన్న నవ్వుతూ పిండుతున్నాడు. నేను బకెట్ పట్టుకున్నాను.