కుడికి మల్గుడు

మొన్న చిక్కడపల్లిల ఆటో ఎక్కితే, డ్రైవర్ ఫోన్లకెల్లి ఒకామె "ముందుకు వెళ్లి కుడివైపు తిరగండి" అని మర్యాదగ చెప్పింది. నాకు మస్తు చిరాకు లేచింది. తిరుగుడేంది? మా ఇంట్ల తిరుగుడంటే పనిపాట లేనోళ్లు చేసేది. తొవ్వల పోతపోత పక్కకు పోవాల్నంటే మల్గాలె. పోయినకాడికెల్లి వాపస్ రావాల్నంటే మర్లాలె. పొద్దు మళ్లుతది, పొలానికి నీళ్లు మళ్లిస్తరు, వయసు కూడ మళ్లుతదంట. ఈ ఆఖరి మాట ఈ నడుమ నా ముంగటనే అంటున్నరు, నేను విననట్టు కూసుంట. "అన్నా, ఆమెను బంద్ చెయ్, ఎటు మల్గాల్నో నేను చెప్త" అన్న. అన్ననైతే అన్న గని, మెయిన్ రోడ్డు మీద కుడికి మల్గంగనే మా చిన్నమ్మ యాదికొచ్చింది.

తొంభైలల్ల నేను నారాయణగూడల డిగ్రీ చదువుకుంట, అశోక్‌నగర్ల అమ్మమ్మ ఇంట్ల ఉంటుంటి. మా అమ్మ చెల్లె, అంటే మా చిన్నమ్మ, కూడ అక్కడ్నే ఉండె. పెండ్లయి పోయిన మనిషి, ఆ ఇంట్ల దెబ్బలు పడలేక వచ్చేసింది. గల్లీ నిండ హాస్టళ్లు, చాయ్ బండి కాడ పుస్తకాలు పట్టుకొని నిలబడ్డ పిల్లలు. వాళ్లెవ్వరు ఆమెను ఏమనలే. అన్నది మనోళ్లే. పక్కింటామె ఎవరికన్న చిన్నమ్మను చూపియ్యాల్నంటే "గదే, మర్లొచ్చిన పిల్ల" అనేది. పేరే లేనట్టు! నాకు ఒళ్లు మండేది. చిన్నమ్మ మాత్రం లోపలికి పోయి పుస్తకం తీసేది. సర్కారు నౌకరి పరీక్షకు ఆమె వయసు దాటిపోతుండె, అదే ఆఖరి సారి. నౌకరొస్తే తన కాళ్ల మీద తను ఉంటది. రాకుంటే పెద్దమనుషులు కూసొని మాట్లాడి మల్ల ఆ మొగని దగ్గర్కే పంపుతరు. తాత దానికి తలకాయ ఊపిండు కూడ.

ఇగ మోపెడ్ సంగతి చెప్పాలె. మా మేనమామ తన మోపెడ్ మీద చిన్నమ్మకు నడుపుడు నేర్పిండు. నేర్పిండంటే సగమే నేర్పిండు. "ముందుగాల ఎడమకు మల్గుడు రానీ, కుడికి మల్గుడు రేపు చెప్త" అన్నడు. ఆ రేపు రాకముందే ఆయనకు వేరే ఊరికి బదిలీ అయింది, బండి మాకు ఇడ్సిపెట్టి పోయిండు. అప్పటిసంది చిన్నమ్మ పాలకు పోయినా, కూరగాయలకు పోయినా ఎడమ, ఎడమ, ఎడమ, మల్ల ఇల్లు. కుడి దిక్కున్న దుకాణపాయన ఉత్తగ ఇస్తనన్నా ఆమె లెక్కల ఆయన ఉన్నట్టే కాదు. "ఎడమకు మల్గుకుంట పోతే తప్పిపోయే భయమే లేదే" అని నన్నే సముదాయించేది.

పరీక్ష సెంటర్ నారాయణగూడల పడ్డది. ఆనాడే ఆటోలు బంద్. బస్సులకు జనం గుత్తులు గుత్తులు వేలాడుతున్నరు. నడిచి పోదామంటే టైం దాటిపోతది. పొద్దుగాల్నుంచి ఆమెకు ఒక్కకాడ నిలకడ లేదు, నాకూ లేదు. హాల్‌టికెట్ సంచిల పెట్టుడు, తీసుడు, మల్ల పెట్టుడు. ఆఖరికి మోపెడ్ తీసి, "ఎన్క కూసోయే. నువ్వు చెయ్యి చూపియ్, నేను మల్గుత" అన్నది. మెయిన్ రోడ్డు కాడికి రాంగనే నేను కుడి చెయ్యి బారెడు చాపిన. ఎదురుంగ బస్సోడు హారన్ కొట్టిండు. అంతే, బండి ఎడమకు మల్గింది.

"చిన్నమ్మా, ఇటు కాదు!"

"తెలుసే! నోర్ముయ్!"

ఆపితే మల్ల స్టార్ట్ కాదని ఆమె భయం. ఎడమ, ఇంకో ఎడమ, ఇంకో ఎడమ. చూస్తే మా ఇంటి గేటు.

బయల్దేరినోళ్లు నడుమల మర్లొచ్చుడు మా ఇంట్ల పెద్ద అపశకునం. చెప్పులిడ్సి, కాళ్లు కడుక్కొని, లోపట కూసొని, నీళ్లు తాగి, జరసేపు ఆగినంకనే మల్ల పోవాలె. మామ ఒకపారి రుమాల్ మర్చిపోయి మర్లొచ్చి, ఈ మర్యాదలన్ని అయ్యేటాల్లకు కాచిగూడల రైలు పోగొట్టుకున్నడు. ఇప్పుడు మాకు అంత టైం ఏది? అమ్మమ్మ గేటు కాడనే నిలబడి ఉన్నది. పక్కింటామె గోడ మీదికెల్లి తొంగి చూసి "అయ్యో, మల్ల మర్లొచ్చిందా?" అన్నది. చిన్నమ్మ బండి ఆపింది. మొఖంల నెత్తురు లేదు. "అయిపోయిందమ్మా. ఇగ నేను పోను" అన్నది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

అమ్మమ్మ లోపలికి ఉరికింది. మోకాళ్ల నొప్పులని రోజంత మూలిగే మనిషి ఉరుకుడు నేను అదే మొదటిసారి చూసుడు. చెంబుతోని వచ్చి, దిగబోతున్న చిన్నమ్మ భుజం పట్టి ఆపింది. "దిగకు. బండి మీద కూసున్నవ్ గద, కూసున్నట్టే. తాగు." తాగినంక మిగిలిన నీళ్లు చెప్పులున్న కాళ్ల మీదనే గుమ్మరించింది. "ఇగో, కడుక్కున్నట్టే." గంతట్ల గోడ దిక్కు చూసి, గల్లీ అంత వినబడేటట్టు అన్నది: "మర్లొస్తే ఏమైతది? మర్లొచ్చినోళ్లు మల్ల పోవద్దని ఎవడన్నడు? పో బిడ్డా, నేనున్న."

చిన్నమ్మ వచ్చేసిన కాడ్నుంచి ఆ ఇంట్ల ఆమెకు ఆ మాట చెప్పినోళ్లు లేరు. కొంగుతోని మొఖం తుడుచుకున్నది, బండి లేపింది. ఈసారి నా చెయ్యి కోసం చూడలే. ఇంకో బస్సోడు హారన్ కొడితే "ఆగవయ్యా, కండ్లు కనవడ్తలేవా!" అని అరిచి, అడ్డంగ పోయి కుడికి మల్గింది. తప్పంత మాదే, పాపం బస్సోడు నోరు తెరిచి చూసిండు. సెంటర్ గేటు మూస్తుంటే తడి చెప్పులు టపటప కొట్టుకుంట లోపలికి ఉరికింది.

నౌకరొచ్చింది. తాత పెద్దమనుషులకు చాయ్ పోయించి, ఇంకేం మాట్లాడకుండ సాగనంపిండు. చిన్నమ్మ మొదటి రోజు డ్యూటీకి పోయేటప్పుడు అమ్మమ్మ గేటు దాక వచ్చి, ఎన్కకెల్లి పిలువొద్దని నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నిలబడ్డది. ఇప్పుడు ఆ ఇల్లు లేదు, అమ్మమ్మ లేదు. చిన్నమ్మ, నేను కలిసినప్పుడల్ల ఆనాటి ముచ్చట చెప్పుకొని నవ్వుతం. మనుషులు ఎన్నిసార్లయినా మర్లి రావొచ్చు, వాళ్ల కోసం నీళ్ల చెంబుతోని ఉరికొచ్చే మనిషి ఉన్న కాలమే మర్లి రాదు.