దొరసాని కాగితంలో మా ఆయన చెయ్యి

ఈ రోజు పొద్దున్న రేవులో చేపలు అమ్ముతుంటే, అక్కడ కూర్చుని బొమ్మలు గీసే దొరసాని తన కాగితం చూపించింది. అందులో ఒక్క మనిషీ నిండుగా లేడు. ఒక మూల వీపు, ఇంకో మూల పాదాలు, మధ్యలో ముక్కుపుడకతో సగం ఆడముఖం, దాన్ని ఆనుకుని ఒక మగచెయ్యి. చిటికెనవేలు సగమే ఉన్న ఆ చెయ్యి మా ఆయనదే. ముఖం ఎవరిదో మాత్రం పోల్చుకోలేకపోయాను. దొరసానిని అడుగుదామంటే ఆవిడకి తెలుగు రాదు.

సాయంత్రం ఇంటికి రాగానే మా ఆయన్ని నిలదీశాను.

"నీ చెయ్యి పక్కన ఆ ఆడదెవరు మావా?"

"ఓసి పిచ్చిదానా, ఆవిడ ఒక్కో రోజు ఒక్కో ముక్క గీస్తుంది. పోలమ్మని గీసిన రోజు నేనసలు రేవులోనే లేను," అన్నాడు.

నేను పోలమ్మ పేరే ఎత్తలేదు. మీరైతే నమ్ముతారా?