గుట్ట పేలితే కదిలిన పాకం

1998లో మా ల్యాబ్ కొత్తగూడ దగ్గర ఒక అద్దె ఇంట్లో ఉండేది. చుట్టూ సాఫ్ట్‌వేర్ కంపెనీల కోసం గుట్టలు పేలుస్తుండేవారు. దేశ భవిష్యత్తు అక్కడే మొదలవుతోందని పత్రికలు రాసేవి. మాకు తెలిసిందల్లా మధ్యాహ్నమయ్యేసరికి గాజు సామానంతా వణుకుతుందని.

నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న సునీతది గుంటూరు వైపు. చక్కెర నుంచి ఆమ్లం తీసి, కాల్షియం కలిపి లవణం చేయాలి. అందులో పరమాణువుల అమరిక కనుక్కోవాలి. అందుకు వాడేది ఎక్స్-రే డిఫ్రాక్షన్: స్ఫటికంలోకి ఎక్స్-కిరణాలు పంపి, అవి చెదిరే తీరును బట్టి లోపలి అమరికను లెక్కగట్టడం. ఆవగింజలో సగమైనా సరే, ఒక మంచి స్ఫటికం కావాలి. మా ఫ్లాస్కులో ఉన్నది పాకం. ఆల్కహాల్ పోశాం, ఫ్రిజ్‌లో పెట్టాం, గాజు కడ్డీతో గీకాం. నెలల తరబడి పాకమే.

పేల్చే ముందు హెచ్చరించడానికి గుట్ట దగ్గరి నుంచి యాదయ్య వచ్చేవాడు.

“కిటికీల కాడ నిలవడకుర్రి సార్. గిదేంది, తేనెనా?”

“తేనె అయితే ఇన్నాళ్ళు మిగులుతుందా?”

“మరి గిట్ల సూస్కుంట కూసున్నరేంది?”

“అందుకే జీతం ఇస్తారు.”

సునీత నవ్వలేదు. “మీకిస్తారు సార్. నా ఫెలోషిప్ ఈ నెలతో సరండి. స్ఫటికం లేకపోతే చివరి చాప్టరే లేదు.”

ఆ రోజు గుట్ట కాస్త గట్టిగానే పేలింది. బెంచీ అదిరింది. కాసేపటికి ఫ్లాస్కు అడుగున తెల్లగా ఏదో కమ్ముకుంది.

“సార్! గడ్డకడుతోందండి!”

కట్టింది. కానీ అంతా పిండి. ఎక్స్-రేకి పనికిరానంత సన్నం. ఏమైనా పగిలాయేమోనని చూడవచ్చిన యాదయ్య ఆమె ముఖం చూసి పరేషానయ్యాడు.

“ఖరాబైందా మేడం? రేపు జర దూరంగ పేలుస్తం.”

“వద్దండీ బాబూ! ఇన్ని నెలల్లో ఇది కదిలిందే ఇవాళ!”

ఆ పిండిలోంచి ఒక రేణువును ఏరి, కొత్త ద్రావణంలో సీడ్‌గా, అంటే విత్తుగా వేశాం. ఆ ద్రావణం విత్తును కరిగించేసేంత పలచన కాదు, తనంతట తాను గడ్డకట్టేంత చిక్కనా కాదు. ఇక మిగిలిన పని, ముట్టుకోకపోవడం.

“ఒక్కసారి కదిపి చూడనా సార్?”

“చందానగర్‌లో నీ గదికి వెళ్ళి నిద్రపోమ్మా.”

నెల ముగిసేలోపే అంచులు తీరిన స్ఫటికం చేతికొచ్చింది. ఎక్స్-రేకి పెడితే, కాల్షియం చుట్టూ ఆక్సిజన్లు, కొన్ని చక్కెర గొలుసువి, కొన్ని నీటివి, బుద్ధిగా వరుస తీరి కనిపించాయి. చాప్టర్ పూర్తయింది. యాదయ్య ఆమెను డాక్టరమ్మా అని పిలిచి, మోకాలి నొప్పికి మందు అడిగాడు.

మొదలవడానికి ఒక కుదుపు కావాలి. పెరగడానికి, మనం చేతులు కట్టుకు కూర్చోవాలి. కొత్తగా చేరినవాళ్ళకు నేను రెండూ నేర్పుతాను. మొదటిది ఒక్క పూటలో వచ్చేస్తుంది.