డాబా ఎక్కిన ఆలివ్ నూనె

మనుషులు బతుకులో చాలా వాటిని తగలేస్తారు. కూర తగలేస్తారు, ఇస్త్రీ చేస్తూ చొక్కా తగలేస్తారు, కోపం వస్తే కొంపలూ తగలేస్తారు. అన్నిటికీ నిప్పు కావాలి. అగ్గిపుల్ల గీయకుండా, పొయ్యి వైపు కూడా వెళ్ళకుండా, ఒక ముసలావిడ ప్రాణంలా దాచుకున్న నూనెను తగలేసిన ఘనత మాత్రం నాదే. ఎలాగో చెప్తాను. నవ్వుకోండి, ఏమీ అనుకోను. చివరిదాకా నవ్వగలరని మాత్రం మాట ఇవ్వలేను.

అప్పట్లో నేను కువైట్‌లో, రుమైథియాలో ఒక అరబ్బుల ఇంట్లో వంటపని చేసేదాన్ని. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఇంటి యజమానురాలిని అక్కడ పనిచేసే మేమందరం మామా అని పిలుస్తాం. మా మామాకి ఒక తల్లి ఉండేది, పెద్దావిడ. మక్కా యాత్ర చేసొచ్చింది కాబట్టి అందరూ హజ్జా అనేవారు. హజ్జా పుట్టిల్లు సిరియాలో. అక్కడ ఆవిడ తమ్ముడికి ఆలివ్ తోట ఉంది. ఏటా కాయ దింపి, గానుగాడించి, అక్కకి ఓ డబ్బా నూనె పంపేవాడు. పెళ్ళయి వచ్చిన ఏటి నుంచీ ఆవిడకి పుట్టింటి సారె అంటే ఆ డబ్బాయే.

ఆవిడ తిండి చూస్తే నాకు మా ఇల్లే గుర్తొచ్చేది. రొట్టె ముక్క తుంచి, చిన్న గిన్నెలో నూనెలో ముంచి, వామాకు వాసన వేసే పొడి ఒకటి అద్దుకుని తినేది. మనం కందిపొడిలో నూనె పోసుకుంటాం, వాళ్ళు నూనెకి పొడి అద్దుకుంటారు. అంతకు మించి తేడా లేదు. డాక్టరు కూడా, మీ గుండెకి ఈ నూనె మంచిదే, తినండి అన్నాడు. ఆయన వద్దన్నా ఆవిడ మానేది కాదనుకోండి.

ఆ ఏడు వాళ్ళ దేశంలో యుద్ధం ముదిరింది. తమ్ముడి ఫోను ఒకసారి కలిస్తే పదిసార్లు కలిసేది కాదు. అయినా డబ్బా వచ్చింది. ఎవరో బంధువు కారులో పెట్టుకుని సరిహద్దులు దాటించి తెచ్చాడు. తెచ్చినవాడు గుమ్మంలో నిలబడే చెప్పేశాడు. “తోట వైపు ఇక ఎవర్నీ పోనివ్వడం లేదు హజ్జా. ఇదే ఆఖరు డబ్బా అనుకో.”

ఆ మాట విన్న రోజు నుంచి ఆవిడకి తిండి మీద మనసు పోయింది. మాంసం వండినా ముట్టదు, చేప వేయించినా ముట్టదు. రొట్టె, నూనె, పొడి. అంతే. ఈ నూనె ఉన్నన్నాళ్ళే అమ్మ తింటుంది అని మామా నా దగ్గర కళ్ళు తుడుచుకుంది కూడా.

ఇప్పుడు ఆ నూనె ఎవరి చేతిలో పడిందో చూడండి.

దారిలో డబ్బా సొట్టపడి, అంచున చెమ్మగా కారుతోంది. మామా నన్ను పిలిచింది.

“సత్యా, దీన్ని గాజు సీసాల్లో పొయ్యి. నిండా పోసి మూతలు బిగించు. స్టోర్ రూములో చీకట్లో పెట్టు. పొయ్యి దగ్గర పెట్టొద్దు, వెలుతురు తగలనివ్వొద్దు. వేపుళ్ళకి వాడొద్దు, దానికి మొక్కజొన్న నూనె ఉంది. పాత డబ్బాలో మిగిలింది అయ్యాకే ఇది తియ్యి. అర్థమైందా?”

“అర్థమైంది మామా.”

అర్థం కాకేం, బ్రహ్మాండంగా అర్థమైంది. కాకపోతే, నూనె సంగతి నాకు ఒకరు చెప్పడమేమిటని లోపల చిన్న మంట. మా తాతది గానుగ. నువ్వుల నూనె, కొబ్బరి నూనె ధారగా కారుతుంటే చూస్తూ పెరిగిన పిల్లని. నాకు సీసా మూత బిగించడం నేర్పుతుందా ఈవిడ! చల్లగా, చీకటిగా ఉండాలంటే స్టోర్ రూమెందుకు? ఫ్రిజ్ అంతకంటే చల్లన. తలుపేస్తే అంతకంటే చీకటి. సీసాలన్నీ తీసుకెళ్ళి స్టోర్ రూములో ఉన్న పెద్ద ఫ్రిజ్‌లో నిలబెట్టేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

జూలై వచ్చేసరికి పాత నూనె అడుగుకి వచ్చింది. కొత్త సీసా తీద్దామని ఫ్రిజ్ తెరిచాను. నూనె లేదు. సీసాల నిండా ఆకుపచ్చని పేరిన నెయ్యి! పలుకులు పలుకులుగా తెల్లటి గడ్డలు. అడుగున చూస్తే వేలెడు మడ్డి. గబగబా డాబా మీదికి పరిగెత్తాను. పక్కింటి డాబా మీద మార్తమ్మక్క బట్టలు ఆరేస్తోంది. ఆవిడది నరసాపురం. ఆ ఇంట్లో పిల్లల్ని చూసుకునేది. నా కష్టసుఖాలకి ఆ పిట్టగోడే గతి.

“అక్కా, కొంప మునిగింది! హజ్జాగారి నూనె గడ్డకట్టేసింది. ఎవడో డాల్డా కలిపేశాడక్కా!”

“ఫ్రిజ్జులో ఎట్టావా?”

“ఎట్టాను.”

“మరి గడ్డకట్టక గంతులేత్తాదేంటే? బయట బల్ల మీదెట్టు, అదే కరుగుద్ది.”

“అడుగున మడ్డి కూడా ఉందక్కా.”

“ఉంటే ఉంటాది. మీ మామాకి సెప్పు.”

“దీనికి కూడా మామా ఎందుకక్కా? మా తాత గానుగ నూనెని ఎండలో ఎట్టేవాడు. మడ్డంతా అడుక్కి దిగిపోయి పైన తేట మిగిలేది. మనం కొబ్బరి నూనె గడ్డకడితే ఎండలో ఎట్టుకోవట్లేదా?”

“మీ తాత ఎండేరు, ఈళ్ళ ఎండేరు సత్తీ. ఇక్కడ ఆరేసిన పావడా అప్పడంలాగా ఇరిగిపోతంది.”

“సూరీడు ఎక్కడైనా ఒక్కడేగా అక్కా!”

“ఒక్కడే. నువ్వూ ఒక్కదానివే. నీలాంటిది ఇంకోటి ఉండదు,” అని బుట్ట పట్టుకుని దిగిపోయింది.

సూర్యుడు ఒక్కడే, నిజమే. మా ఊళ్ళో ఆయన కొబ్బరాకుల సందుల్లోంచి మొహమాటపడుతూ తొంగిచూస్తాడు. కువైట్ జూలైలో చెప్పుల కాళ్ళతోనే ఇంట్లో దూరి సోఫాలో కూర్చుంటాడు. ఈ తేడా నాకు తట్టలేదు. నీళ్ళ ట్యాంకు పక్కన సీసాలన్నీ వరసగా పేర్చాను. ఎవరూ తన్నెయ్యకుండా చుట్టూ ఇటుకలు కూడా పెట్టాను. గడ్డలు వెంటనే కరిగాయి. అక్కడితో దించేస్తే ఈ కథ లేదు. మడ్డి దిగొద్దూ? ఆవకాయ జాడీకి ఎండ చూపించినట్టు రోజూ వెళ్ళి సీసాలు తిప్పి పెట్టి, గుడ్డతో దుమ్ము తుడిచి వచ్చేదాన్ని. హజ్జా అడిగితే, వస్తోంది హజ్జా, సిద్ధమవుతోంది అనేదాన్ని, పెళ్ళికూతురి గురించి చెప్పినట్టు.

వారం తిరిగేసరికి మడ్డి దిగింది. ముదురాకుపచ్చ నూనె కాస్తా లేత బంగారు రంగుకి వచ్చి, తళతళా మెరుస్తోంది. అవతలి గోడ కనిపించేంత తేట! మా తాత చూస్తే భుజం తట్టేవాడు. ఒక గిన్నెలో పోసి, వేడి రొట్టెలు పళ్ళెంలో పెట్టుకుని, ఏదో బహుమతి పట్టుకెళ్ళినట్టు తీసుకెళ్ళాను.

హజ్జా రొట్టె ముంచింది. నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపేసింది.

“ఇది మా తమ్ముడి నూనె కాదు.”

మామా వేలితో అద్దుకుని నాకి, మొహం చిట్లించింది. “ఛీ, ఇది ఎప్పటిదో. పిల్లల రంగుల మైనం వాసన వస్తోంది. తెచ్చినవాడు దారిలో మార్చేసుంటాడమ్మా.”

“వాడిని అనకు,” అంది హజ్జా మెల్లగా. “డబ్బా మీద సీలు మా తమ్ముడిదే. నేను చూశాను. వాడే పంపాడు. అక్క ముసలిదైపోయింది, రుచి ఏం తెలుస్తుందిలే, మూల పడున్నది పంపితే చాలు అనుకున్నాడు.” పళ్ళెం పక్కకి జరిపి, “ఖలాస్,” అంది. అయిపోయింది అని.

అన్నీ తెలిసినమ్మ అమావాస్యనాడు పోయిందంటారు. నేను పోలేదు, నూనె పోయింది. పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడ్డాను. నోరు తెరిచి, పాడుచేసింది నేను అనాలి. నోరు తెరిస్తే విమానం ఎక్కించేస్తారని భయం. తెరవలేదు. ఆ రోజు హజ్జా టీ తప్ప ఏమీ ముట్టలేదు. మర్నాడూ అంతే.

నాకు మిగిలిన దారల్లా ఆ నూనెని మళ్ళీ మంచిది చెయ్యడం. మా అమ్మ వెన్న కాచేటప్పుడు మునగాకు వేసేది, కమ్మని వాసన వస్తుందని. కువైట్‌లో మునగాకు నాకెక్కడ దొరుకుతుంది? కరివేపాకు దొరికింది. ఒక సీసా నూనె మూకుట్లో పోసి, మంట పెంచి, గుప్పెడు కరివేపాకు వేశాను. చిటపటలతో పాటు నీలం పొగ లేచింది. అసలే చచ్చిన నూనెని మళ్ళీ చంపడం ఎలాగో ఆ రోజే చూశాను. ఇల్లంతా టైరు కాలిన కంపు. మామా ముక్కు మూసుకుని పరిగెత్తుకొచ్చింది.

“ఏం కాల్చావు?”

“ఏం లేదు మామా. పోపు.”

“ఏ కూరకి?”

పొయ్యి మీద కూరే లేదు. ఆవిడ నన్ను, మూకుడుని మార్చి మార్చి చూసి వెళ్ళిపోయింది. నేను పోపు పారబోసుకున్నాను.

ఆ సాయంత్రం ఫోను మోగింది. ఎన్నో వారాల తరవాత, సిరియా నుంచి. మామా కేకేసింది. “అమ్మా! మామయ్య! త్వరగా రా, మళ్ళీ లైను పోతుంది!”

హజ్జా కుర్చీలోంచి కదల్లేదు. “పడుకున్నానని చెప్పు.”

“అమ్మా!”

“పడుకున్నానని చెప్పమన్నానా!”

మామా ఏదో సర్దిచెప్పింది. ఇంతలో లైను పోనే పోయింది. హజ్జా గోడ వైపు తిరిగి కూర్చుంది. ఆవిడ మెడ వెనక ఎముక తేలి ఉంది. అప్పటిదాకా నేను పాడుచేసింది నూనె అనుకుంటున్నాను. అప్పుడు తెలిసింది, మనిషిని పాడుచేశాను. యుద్ధం మధ్యలో కూర్చుని అక్క కోసం నూనె పంపినవాణ్ణి మోసగాణ్ణి చేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది. విమానమైతే విమానం, ఎక్కిస్తే ఎక్కుదాం అనుకుని ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడ్డాను.

చెప్పాలి. ఎలా చెప్పాలి? వింటే అర్థమయ్యేది కానీ, నా నోటికొచ్చిన అరబిక్ అంతా ఉల్లిపాయలు తరగడానికీ గిన్నెలు తోమడానికీ సరిపోయేది. పాపం ఒప్పుకోవడానికి సరిపడా లేదు. నూనె సీసా చూపించి ‘జైత్’ అన్నాను, నూనె అని. పైకప్పు వైపు వేలు చూపించి ‘షమ్స్’ అన్నాను, ఎండ అని. గుండె మీద చెయ్యి వేసుకుని ‘అనా’ అన్నాను, నేను అని. ఆ మూడు ముక్కలకీ ఏడుపు కలిపాను. మామా తెల్లబోయింది. హజ్జాకి నిమిషం పట్టింది.

“ఎండలోనా? డాబా మీదా?”

“అవును హజ్జా.”

“ఎన్నాళ్ళు?”

“వారం.”

“ఎందుకు?”

“మా తాత...” అని మొదలుపెట్టి, ఏడుపులో ఆపేశాను.

ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. దగ్గుతోనే కళ్ళు తుడుచుకుంటూ కూతురితో అంది. “విన్నావా? మా తమ్ముడు మంచివాడే! ఈ గాడిదే వెధవ పని చేసింది. మా తమ్ముడు మంచివాడే!” జన్మలో నన్ను ఎవరూ అంత ప్రేమగా గాడిద అనలేదు.

వెంటనే ఫోను చెయ్యమంది. కలవలేదు. మర్నాడు కలవలేదు. ఆ వారమంతా కలవలేదు. ప్రతిసారీ మామా ఫోను పెట్టేస్తుంటే నేను వంటింట్లో ఏ గిన్నె దొరికితే ఆ గిన్నె తోముతుండేదాన్ని. హజ్జా మాత్రం మళ్ళీ కాస్త కాస్త తినసాగింది. కొట్లో కొన్న ఆలివ్ నూనె పోస్తే, “గడ్డి,” అని తిట్టుకుంటూనే తినేది.

ఒకరోజు నన్ను బింతీ, అంటే అమ్మాయీ, అని పిలిచింది. “తినడానికి పనికిరాని నూనెని మా ఊళ్ళో పారబొయ్యరు బింతీ. సబ్బు వండుతారు. యల్లా, కదులు, పెద్ద గిన్నె తియ్యి.”

సబ్బులో వేసే కాస్టిక్ సోడా తెప్పించింది. పొద్దు వాలాక డాబా మీద గ్యాసు పొయ్యి పెట్టించి, తను కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను కర్రతో తిప్పుతూనే ఉన్నాను. చేతులు పడిపోతాయేమో అనిపించింది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు కదా. నేను అడుసు తొక్కి, కాళ్ళు కడుక్కోవడానికి సబ్బు కూడా నేనే వండుకున్నాను. చిక్కబడ్డాక పళ్ళేల్లో పోసి ముక్కలు కోశాం. “ఇవి నెలల తరబడి ఆరాలి,” అంది హజ్జా.

నేను అలవాటు కొద్దీ అడిగాను. “ఎండలో పెట్టనా?”

ఆవిడ చేతికర్ర లేచింది. నేను మెట్ల మీదుగా ఎలా దిగానో నాకే తెలియదు. పిట్టగోడ అవతల మార్తమ్మక్క నవ్వు మాత్రం కిందిదాకా వినిపించింది.

సబ్బులు స్టోర్ రూములో, చీకట్లో ఆరుతుండగా ఫోను కలిసింది. హజ్జా రెండు చేతులతో పట్టుకుంది. అవతల గొంతు వచ్చీ పోతోంది, మధ్యలో ఏవో చప్పుళ్ళు. తమ్ముడు అడిగినట్టున్నాడు, నూనె ఎలా ఉందని.

“ఇన్నేళ్ళలో ఇంత మంచి నూనె పంపలేదురా నువ్వు,” అంది. “ఇంట్లో అందరం వాడుతున్నాం.”

ఆయన మళ్ళీ ఏదో అన్నాడు. సరిపోతుందా, ఇంకొంచెం ఎలాగైనా పంపనా అని కాబోలు.

హజ్జా తలుపు సందులోంచి సబ్బుల వరస చూసింది, నన్ను చూసింది.

“వద్దురా. ఎంత రుద్దినా తరగడం లేదు.”

అక్కడ లైను పోయింది. ఆ తరవాత నేను ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అది మళ్ళీ కలవలేదు. నేను ఇంటికి వచ్చేసేటప్పుడు హజ్జా ఒక సబ్బు బిళ్ళ గుడ్డలో చుట్టి నా పెట్టెలో పెట్టింది. ఇంకా ఉంది. నేను రుద్దలేదు.

అందుచేత సూర్యభగవానుడి సాక్షిగా... వద్దులెండి, ఆయన్ని మళ్ళీ ఇందులోకి లాగను. మా స్టోర్ రూము చీకటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణం ఉండగా ఏ నూనెనీ ఎండ మొహం చూడనివ్వను. మడ్డి ఉంటే మడ్డితోనే తింటాను. చలికాలంలో కొబ్బరి నూనె గడ్డకడితే, అది దానంతటది కరిగేదాకా జుట్టు విరబోసుకునే తిరుగుతాను.